తొలి వసంతపు పక్షులు: పెరటిలో, తీరాన

పంచాంగం ప్రకారం వసంతం చైత్రంతో మొదలవుతుంది. పక్షులు అంతవరకు ఆగవు. మాఘమాసం ముగియకముందే, తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవలసిన చలి ఇంకా మిగిలి ఉండగానే, వాటి వసంతం వచ్చేస్తుంది. కాకినాడలో మా పెరడు చిన్నది. ఒక మామిడి, ఒక మునగ, గోడవారగా మందార, నందివర్ధనం. అక్కడినుండి సముద్రపు ఒడ్డుకు ఇరవై నిమిషాల దారి. ఈ రెండు చోట్లా ఫిబ్రవరి, మార్చి నెలలలో కనిపించే పక్షులను గురించి, వినిపించే పక్షులను గురించి కొంత చెప్పదలచాను.

వినిపించేవి అని వేరుగా అనటానికి కారణం ఉన్నది. ఇరవై ఏళ్లుగా శబ్దంతోనే బ్రతుకుతున్నవాడిని నేను. మాట్లాడేవారి గొంతులో జలుబును, గదిలో ప్రతిధ్వనిని ఇట్టే పట్టగలనన్న గర్వం కూడా కొంత ఉండేది. మూడేళ్ల క్రిందట ఒక ఉదయం టుక్, టుక్, టుక్ అని ఒకే తీరుగా ఏదో మ్రోత వినవచ్చింది. పక్కింటివారు నీళ్ల మోటారు బాగుచేయిస్తున్నారు కాబోలు అన్నాను. వరండాలో కూర్చున్న మా అమ్మ నవ్వి, "మోటారేమిట్రా, కంసాలి పిట్టరా అది!" అన్నది. నీటికాసుల వ్యాధివల్ల అప్పటికే ఆమెకు చూపు చాలవరకు పోయింది.

ఆ పిట్ట పిచ్చుక కంటె కాస్త పెద్దది. ఆకుపచ్చని ఒళ్లు, నుదుటిమీదా రొమ్ముమీదా ఎర్రని మచ్చలు, కంటి చుట్టూ పసుపు. చలికాలంలో దాదాపు మౌనంగా ఉండి, ఎండ చురుక్కుమనగానే చిటారుకొమ్మన కూర్చుని సుత్తి పట్టుకుంటుంది. కూస్తూ తలను అటూ ఇటూ త్రిప్పుతుంది గనుక ధ్వని ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. మైక్రోఫోను ముందు తల త్రిప్పి మాట్లాడే వక్తలను వారించటం మా పని. ఈ వక్తకు అదే విద్య!

ఆ ఏడే మునగచెట్టు ఎండుకొమ్మను కొట్టించటానికి మనిషిని పిలిపించాను. అమ్మ వద్దన్నది. ఎందుకని అడిగితే, ఆ శబ్దం రోజూ ఆ వైపునుంచే వస్తున్నదని చెప్పింది. నిచ్చెన వేసి చూస్తే కొమ్మ అడుగుభాగాన బరమాతో తొలిచినట్లు గుండ్రని రంధ్రం కనిపించింది. ఎండిన మెత్తని కొయ్యనే ఈ పిట్ట గూటికి ఎంచుకుంటుంది. మనం చెట్టుకు అందం తీర్చుతున్నామనుకుని మొదట నరికేదీ ఆ కొయ్యనే. మనిషికి కూలి ఇచ్చి పంపివేశాను.

మందార దగ్గరికి వచ్చే తేనెపిట్టను ఇప్పుడు చూడవలె. చలికాలంలో మగపిట్ట కూడా ఆడదానివలెనే మట్టిరంగుతో ఉండి, గొంతునుండి పొట్టవరకు ఒక నల్లని గీతతో మాత్రమే గుర్తుపట్టేటట్లు ఉంటుంది. తొలి వసంతంలో ఆ నలుపు అక్కడక్కడ మాసికలుగా మొదలై క్రమంగా ఒళ్లంతా క్రమ్ముకుంటుంది. ఎండ పడినప్పుడు నీలంగా, ఊదాగా మెరుస్తుంది. సగం బట్టలు మార్చుకున్న ఆ స్థితిలో అది కొంచెం హాస్యంగా ఉంటుందని నేను అంటే, మా అమ్మ మాత్రం ఒప్పుకోదు.

కోకిల సంగతి శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. అయితే ఒక్క మాట. ఆ కుహూకారం మగదానిది. ఒళ్లంతా చుక్కలున్న ఆడకోకిల కిక్ కిక్ కిక్ మని గబగబ అరుస్తుంది. ఆ అరుపు వినబడితే దగ్గరలో కాకిగూడు ఉన్నదేమో చూడండి.

1840 ప్రాంతాలలో నెల్లూరులో వైద్యుడుగా ఉన్న జెర్డన్ దొర, 1862 నుండి 1864 వరకు వెలువడిన తన భారతదేశ పక్షుల గ్రంథంలో ఎన్నో పక్షులకు తెలుగు పేర్లు కూడా వ్రాశాడు. ఎవరో తెలుగువారు నోట చెప్పగా వ్రాసుకున్నవే గదా అవి. నేను మాత్రం 1941లో మొదట వెలువడిన సాలిం అలీ గారి పుస్తకం తిరగవేసి ఇంగ్లీషు పేరు పట్టుకుని వస్తాను. ఉల్లంకి, కాటుకపిట్ట, తీతువు అని అమ్మ దానికి పేరు పెడుతుంది. కొన్నింటికి ఆమె దగ్గరా పేరు లేదు. చలికాలమంతా కంచెలో దాగి చెక్, చెక్ అనే మట్టిరంగు పిట్ట అటువంటిది. వేసవి ముదిరేసరికి అది ఉత్తరానికి వెళ్లిపోతుంది.

పెరటిలో పాట మొదలయ్యే ఈ రోజులలోనే తీరాన ప్రయాణం మొదలవుతుంది. గోదావరి తెచ్చిన ఒండ్రు కాకినాడ అఖాతంలో చేరుతుంది. హోప్ ఐలాండ్ అనే ఇసుకదిబ్బ అడ్డుగా ఉండటంచేత అలల దెబ్బ తగ్గి, బురదమేటలు నిలుస్తవి. దక్షిణాన మడ అడవులు 1978 నుండి కోరింగ అభయారణ్యంగా ఉన్నవి. కుంభాభిషేకం దగ్గర నిలబడి చూస్తే, ఆటు సమయంలో పక్షులు దూరాన చుక్కలవలె ఉంటవి. పోటు ఎక్కే వేళ వెళ్లవలె. నీరు వాటిని మన వైపుకు నెట్టుకువస్తుంది. సూర్యుడు మన వీపున ఉండవలె.

ఇప్పుడు అవి రాత్రింబవళ్లు తింటవి. వాటి గడియారం సూర్యుడు కాదు, ఆటుపోట్లు. సైబీరియా ఉత్తరపు అంచున గ్రుడ్లు పెట్టే చిన్న ఉల్లంకులు బూడిదరంగు వదిలి ఇటుకరంగు తొడుగుతున్నవి. చెవి వెనుక సిరాచుక్క మాత్రమే ఉన్న గల్ పక్షులకు తలంతా గోధుమరంగు ముసుగు పడుతున్నది. అవి టిబెట్, లడాఖ్ సరస్సులకు వెళ్లవలసినవి. క్రింది ముక్కు పొడవుగా ఉండి నీటిని కోసుకుంటూ ఎగిరే స్కిమ్మర్లు చంబల్ వంటి నదుల ఇసుకతిన్నెలమీద గూడు పెట్టే కాలం కూడా ఇదే. ప్రపంచంలో ఇప్పుడు వాటి సంఖ్య చాలా తక్కువ.

వెళ్లే ముందు ఈ కొవ్వు పట్టకపోతే అంతదూరం ఎగరలేవు. ఊరి అంచున నేను చిన్ననాటినుండి ఎరిగిన బురదపల్లం ఒకటి ఉండేది. గత రెండేళ్లలో దానిమీద ఇటుకముక్కలు, చెత్త పోసి చదును చేశారు. పోయిన ఫిబ్రవరిలో అక్కడికి వెళితే ఒక తీతువు మాత్రం అరుస్తూ నా చుట్టూ తిరిగింది. ఖాళీస్థలం బాగుపడ్డదని నా వెంట వచ్చిన స్నేహితుడు సంతోషించాడు. నాకు ఏమి చెప్పాలో తోచలేదు.

ఆ వారమే మేట దగ్గర వంకరముక్కు కర్లూ పక్షి కూతను చిన్న యంత్రంమీద పట్టుకుని వచ్చి అమ్మకు వినిపించాను. రెండుసార్లు మళ్లీ పెట్టమన్నది. "ఇది మన పెరటిది కాదు. ఎక్కడిదిరా?" అని అడిగింది. చెప్పాను. ఎప్పుడు వెళ్లిపోతుందని అడిగింది. ఏప్రిల్ దాటితే చాలావరకు ఉండవన్నాను.

వచ్చే ఆదివారం పోటు ఉదయం ఏడు గంటలకు. ఆరుకే బయలుదేరవలె. యంత్రానికి కొత్త బ్యాటరీలు తెప్పించాను.