వెలుగులో వన్యమృగం

అడవిలో మృగం కంటబడినప్పుడు మనిషికి రెండు కోరికలు పుడతవి. ఇంకా దగ్గరగా చూడవలెనన్నది ఒకటి. చూచినదానిని ఇంటికి తెచ్చి నలుగురికీ చూపవలెనన్నది రెండవది. ఒకప్పుడు ఈ రెండింటినీ తుపాకి తీర్చేది. ఇప్పుడు కెమెరా తీరుస్తున్నది. చేతిలోని సాధనం మారినంత మాత్రాన వేటగాని బుద్ధి కూడా మారినదా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది.

మన తెలంగాణంలో వేటకూ ఛాయాచిత్రానికీ పాత చుట్టరికం ఉన్నది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్. 1902లో వరంగల్లు ప్రాంతాన నెక్కొండ దగ్గర వైస్రాయి కర్జన్ దంపతులు వేటాడిన పెద్దపులితో తీయించుకొన్న చిత్రం ఆయన పేరనే ప్రసిద్ధమైనది. చిత్రంలో పులి ఎంతో దగ్గరగా, ఎంతో స్పష్టంగా ఉన్నది. కాని అందులో ప్రాణం లేదు. తరువాత ఉత్తరభారతంలో అటవీ అధికారి ఛాంపియన్ పులులు నడిచే బాటలకు అడ్డంగా తీగ కట్టి, దానికి పులి కాలు తగలగానే మెరుపుదీపం వెలిగి బొమ్మ పడేటట్లు అమర్చినాడు. 1927లో వెలువడిన ఆయన గ్రంథంలో సజీవమైన పులులను లోకం చూచినది. నేడు చారలనుబట్టి పులులను గుర్తించి లెక్కించే కెమెరాలు కూడా ఆ దారినే నడుస్తున్నవి. లెక్కకు అవి అవసరం. అయితే ఒక మృగం పగటి వెలుగులో ఎట్లా మెలుగుతుందో, తోటి మృగాలతో ఎట్లా కాలం గడుపుతుందో తెలియవలెనంటే సూర్యకాంతినే ఆశ్రయించి, మనమే ఓపికతో కూర్చోవలెను.

జగిత్యాల జిల్లా పెగడపల్లి వంటి ఊళ్ళవారు ఈ విద్య నేర్చుకొనడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. పెరటి ఉడుత, చేనిగట్టు ముంగిస, చెట్టుమీది కొండముచ్చు తొలి గురువులు. ఉత్తరాన గోదావరి దాటి జన్నారం వైపు పోతే కవ్వాల్ అడవి వస్తుంది. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటింపబడిన ఆ టేకు అడవిలో చుక్కల దుప్పి, కణితి, మనుబోతు, ఎలుగుబంటి మొదలైనవి ఉన్నవి.

మొదట కాంతి సంగతి. కొండముచ్చు ముఖం మసివలె నలుపు. ఒంటి జుట్టు బూడిదవన్నె. మిట్టమధ్యాహ్నపు ఎండలో జుట్టుకు సరిపడే వెలుతురు ఇస్తే ముఖంలో కన్నులే కనబడవు. ముఖానికి సరిపడే వెలుతురు ఇస్తే జుట్టు సున్నం పూసినట్లు అవుతుంది. తెల్లవారిన తరువాత ఒక గంట, పొద్దు గుంకక ముందు ఒక గంట ఎండ ఏటవాలుగా పడి ఈ తగవు తీరుస్తుంది. పలుచని మబ్బు పట్టిన పగలు కూడా మంచిదే. నల్లని ఒడలు, తెల్లబారిన మూతిగల ఎలుగుబంటికీ ఇదే సూత్రం.

రెండవది దూరం. దుప్పి భుజం ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు అనుకొందాం. 50 మిల్లీమీటర్ల కటకంతో అది ఫిలిం మీద 18 మిల్లీమీటర్ల ఎత్తున పడవలెనంటే మనం రెండున్నర మీటర్ల దూరంలో నిలువవలెను. ఏ దుప్పీ అందుకు ఒప్పుకొనదు. 400 మిల్లీమీటర్ల కటకం ఉంటే 20 మీటర్లనుండి అంతే బొమ్మ వస్తుంది. అయితే అంత పొడవైన కటకంలో చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. కాబట్టి ముక్కాలిపీటనో ఇసుక సంచినో ఆనుకోవలెను. ఉదయపు మసక వెలుతురుకు కటకం ద్వారం బాగా తెరిస్తే స్పష్టత నిలిచే మేర రెండు మూడడుగులకు మించదు. అందుచేత చూపు మృగం కంటిమీద నిలుపవలెను. కన్ను స్పష్టంగా ఉంటే తోక కొంత మసకబారినా చిత్రం నిలుస్తుంది.

ఆ 20 మీటర్లకు చేరడమే అసలు విద్య. జింకజాతికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. కదలికను మాత్రం ఇట్టే పసిగడుతుంది. వాసనను అంతకంటె ముందు పట్టుకొంటుంది. గుప్పెడు దుమ్ము జారవిడిచి గాలి ఎటు వీస్తున్నదో చూచి, మృగం వైపునుండి మనవైపు గాలి వచ్చే చోట, చీకటి ఉండగానే మాటున కూర్చోవలెను. మనం మృగం దగ్గరకు పోవడం కాదు, మృగమే తన పనిమీద మన దగ్గరకు రావలెను.

ఇక్కడనే ధర్మం ప్రశ్న ఎదురవుతుంది. వైశాఖంలో అడవి ఎండి, మైళ్ళ దూరానికి ఒక్క నీటిగుంటే మిగిలి ఉంటుంది. అక్కడ మాటు వేస్తే చిత్రం సులభం. కాని మనిషి వాసన తగిలి దుప్పిమంద దాహంతోనే వెనుదిరిగితే, ఆ చిత్రానికి మూల్యం చెల్లించినది ఎవరు? దుప్పి తల ఎత్తి, ముందుకాలితో నేలను తాటించినదంటే మనం హద్దు దాటినామని అర్థం. అప్పుడు కదలక ఉండవలెను, లేదా మెల్లగా వెనుకకు తగ్గవలెను. పిల్లతల్లిని ఎలుగుబంటినైనా కొండముచ్చునైనా వెంబడించరాదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వన్యమృగాలను తరమడాన్నీ, ఎర చూపడాన్నీ కూడా వేట కిందనే లెక్కించినది. అభయారణ్యంలో ఛాయాచిత్రాలు తీయడానికి అటవీశాఖ అనుమతి కావలెనని కూడా ఆ చట్టమే చెబుతున్నది.

మంచి చిత్రాన్ని గుర్తించడానికి ఒక తేలిక గుర్తు ఉన్నది. చెవులు రిక్కించి, మెడ నిక్కించి, బెదురు చూపుతో మృగం మనవంకే చూస్తున్నదంటే తరచు అది మన రాకకు తీసిన చిత్రమే అవుతుంది. తల్లి దుప్పి పిల్లను నాకుతూ ఉన్న చిత్రం, కొండముచ్చు తోటిదాని జుట్టు సవరిస్తూ ఉన్న చిత్రం నిజంగా ఆ మృగాల చిత్రాలు. కెమెరా మూసి మనం లేచి వచ్చిన తరువాత కూడా మంద అక్కడనే మేస్తూ ఉన్నదంటే ఆనాటి పని సక్రమంగా జరిగినట్లు. ఫలకం మీద బొమ్మ ఎట్లా పడినదన్నది ఆ తరువాతి మాట.