సూపర్‌ఛార్జర్ కన్నా ముందు కొనవలసినవి

(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కోయంబత్తూరులో పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తరువాత అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇంజన్ల పరీక్షశాలలో చాలా ఏళ్ళు పనిచేశాను. కాబట్టి నా తెలుగులో మూడు ఊళ్ళ యాస తగులుతుంది, మన్నించాలి.

మెకానికల్ ఇంజనీరింగు గురించి మాట్లాడమని పెద్దలు ఆదేశించారు. ఆ చదువు మొత్తం గురించి చెప్పడం నా వల్ల కాదు. ఒక్క కారు సంగతి చెబుతాను. ఎందుకంటే పొద్దున ఒక తండ్రిగారు నన్ను పక్కకు పిలిచి, "మావాడి కాలేజీలో పిల్లలంతా కలిసి కారు కడుతున్నారట. ఇంజనుకు సూపర్‌ఛార్జర్ బిగిస్తాం, నా వంతుగా అరవై వేలు కావాలి అంటున్నాడు. ఇవ్వవచ్చునా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పాలంటే ముందు ఆ వస్తువు ఏమిటో తెలియాలి.

సూపర్‌ఛార్జర్ అంటే ఇంజను తన బెల్టుతో తానే తిప్పుకునే గాలి పంపు. మామూలు ఇంజను గాలిని పీల్చుకుంటుంది. ఈ పంపు ఉంటే గాలిని లోపలికి కూరుతుంది. గాలి ఎక్కువైతే దానికి తగ్గ పెట్రోలు ఎక్కువ పోయవచ్చు, శక్తి పెరుగుతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. 1860లోనే అమెరికాలో రూట్స్ అనే అన్నదమ్ములు ఇలాంటి పంపుకు పేటెంటు తీసుకున్నారు. అప్పట్లో అది పెద్ద కొలిములకు గాలి కొట్టేది. ఇప్పటికీ ఆ రకం పంపును రూట్స్ బ్లోయర్ అనే అంటారు.

ఇక కారు. మాజ్దా కంపెనీ 1989లో మియాటా అనే చిన్న రెండు సీట్ల కారు విడుదల చేసింది. 1600 సీసీ ఇంజను, 116 హార్స్ పవర్, టన్ను లోపు బరువు. నాతో పనిచేసే మిత్రుడొకరికి 1990 మోడల్ మియాటా ఉండేది. 2007 చలికాలంలో దానికి ఈటన్ ఎం45 బ్లోయర్ ఉన్న కిట్టు బిగించాలని ఆయన కోరిక. రెండేళ్ళు కూడబెట్టిన 5,000 డాలర్లు ఆయన చేతిలో ఉన్నాయి. కిట్టు ఖరీదు 3,000. కిట్టు అమ్మే షెడ్డువాళ్ళు శని, ఆదివారాల్లో బిగించేస్తాం, ఇంజనులో ఇంకేమీ ముట్టుకోనక్కరలేదు అన్నారు. ఆయనకున్నది ఒకే ఇంజను. అది పగిలితే ఇంకొకటి కొనడానికి డబ్బు లేదు. అందుకని నా దగ్గరకు వచ్చారు.

మేము మొదట కొన్నది ఒక నోటు పుస్తకం. పి.యు.సి., ప్లస్ టూ పిల్లలు ఈ లెక్క నాతోపాటు వేయండి. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. కిట్టు దాని మీద ఇంకో 6 పౌండ్లు కూరుతుంది. మొత్తం 20.7. దాన్ని 14.7తో భాగిస్తే 1.41. అంటే 41 శాతం ఎక్కువ గాలి, 41 శాతం ఎక్కువ శక్తి అని షెడ్డువాళ్ళు చెబుతారు. ఇక్కడే ఆగాలి. సైకిలు పంపు కొట్టినవాళ్ళకు తెలుసు, నొక్కితే గాలి వేడెక్కుతుంది. రూట్స్ రకం పంపులో ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. బయట 30 డిగ్రీలున్న గాలి బ్లోయర్ దాటేసరికి సుమారు 87 డిగ్రీలు అవుతుందని మా లెక్క. వేడి గాలి పలచన. కెల్విన్‌లోకి మార్చి చూస్తే 360ని 303తో భాగించాలి, 1.19 వస్తుంది. 1.41ని ఆ 1.19తో భాగిస్తే మిగిలేది 1.19 మాత్రమే. అంటే 41 శాతం అనుకున్నది నిజానికి 19 శాతం. అందులోనూ బ్లోయర్‌ను తిప్పడానికి ఇంజను పది హార్స్ పవర్ దాకా తన చేతినుంచే పెట్టుకోవాలి.

అదే గాలిని మధ్యలో ఇంటర్‌కూలర్ గుండా పంపి 50 డిగ్రీలకు దింపితే? 1.19 కాస్తా 1.32 అవుతుంది. చూశారా, బ్లోయర్ అదే, ఒత్తిడి దాదాపు అదే. లాభం మాత్రం ఒకటిన్నర రెట్లకు పైగా. ఆ లాభం వచ్చింది రేడియేటర్ లాంటి ఒక డబ్బావల్ల. కిట్టులో అది లేదు.

వేడి వల్ల శక్తి తగ్గడం చిన్న నష్టం. పెద్ద ప్రమాదం నాకింగ్. ప్లగ్గు నిప్పు రవ్వ వేసి మంట పరుచుకుంటూ వస్తుండగా, మూలనున్న మిశ్రమం వేడికి, ఒత్తిడికి తట్టుకోలేక తనంతట తాను భగ్గుమంటుంది. సుత్తితో కొట్టినట్లే. రింగుల మధ్య ఉండే పిస్టన్ గట్లు విరుగుతాయి. మియాటా ఇంజను కంప్రెషన్ 9.4కు 1. గాలి పీల్చే ఇంజనుకు అది హాయిగా సరిపోతుంది. కూరే ఇంజనుకు అది జాగ్రత్తగా చూసుకోవలసిన అంకె.

ఇది చిన్న షెడ్డుల బాధ మాత్రమే కాదు. 1929లో బెంట్లీ నాలుగున్నర లీటర్ల కారుకు సూపర్‌ఛార్జర్ బిగించాలని టిమ్ బిర్కిన్ అనే రేసు డ్రైవరు పట్టుబట్టాడు. కంపెనీ స్థాపకుడు డబ్ల్యు.ఓ. బెంట్లీకి అది ఇష్టం లేదు. శక్తి కావాలంటే ఇంజను పెద్దది చేయమనేవారు. బ్లోయర్ బెంట్లీ వేగం గొప్పదే, 1930 ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో రెండో స్థానం కూడా తెచ్చింది. కానీ అదే ఏడు ఇరవై నాలుగు గంటల ల మాన్ పోటీలో బ్లోయర్ కార్లు చివరిదాకా నిలవలేదు. గెలిచింది అదే కంపెనీవారి ఆరున్నర లీటర్ల స్పీడ్ సిక్స్, సూపర్‌ఛార్జర్ లేనిది. నేను బెంట్లీగారి పక్షమే. అయినా బిర్కిన్‌ను చూస్తే ముచ్చటేస్తుంది.

మళ్ళీ మా కారు దగ్గరకు. ముందు ఉన్న ఇంజను ఆరోగ్యం చూడాలి. ప్లగ్గులు విప్పి నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ గేజీ పెట్టాం. మూడింటిలో 180కి అటూ ఇటూ వచ్చింది, నాలుగోదానిలో 140. అప్పుడు ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఆయిలు పోసి మళ్ళీ చూడాలి. రింగులు అరిగి ఉంటే ఆయిలు సందులు మూసి అంకె పెరుగుతుంది. మాకు పెరగలేదు. అంటే రింగులు బాగున్నాయి, వాల్వు కారుతున్నది. సిలిండర్‌లోకి బయటనుంచి గాలి పంపి సైలెన్సరు దగ్గర చెవి పెడితే బుస్సుమని వినిపించింది. ఎగ్జాస్టు వాల్వు. హెడ్డు దింపాలి. దానికి 700 డాలర్లు.

రెండోది, ఈ మోడల్‌కే ప్రత్యేకమైనది. 1990, 91 తొలి కార్లలో క్రాంకు షాఫ్టు ముందు కొస పొట్టిగా ఉంటుంది. పుల్లీ బోల్టు సరిగా బిగించకపోతే ఆ కొసలోని తాళపు గాడి అరిగి పుల్లీ ఊగుతుంది. సూపర్‌ఛార్జర్ బెల్టు లాగేది ఆ పుల్లీనే! అది అరిగి ఉంటే కిట్టు మాటే ఎత్తకూడదు. బోల్టు విప్పి, గాడి చూసి, కొత్త బోల్టు టార్క్ రెంచితో లెక్క ప్రకారం బిగించాం. మా అదృష్టం, గాడి బాగుంది. ఖర్చు పది డాలర్లు కూడా కాలేదు.

మూడోది పెట్రోలు. 150 హార్స్ పవర్‌కు ఎంత పెట్రోలు కావాలో, దాన్ని నాలుగు ఇంజెక్టర్లకు పంచి, ఒక్కోటి ఎనభై శాతానికి మించి శ్రమపడకుండా లెక్క వేస్తే, ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 300 సీసీ దాకా పోయాలి. కారులో ఉన్నవి 200 పైచిలుకు. సరిపోవు. కిట్టులో దీనికి ఇచ్చినది పెట్రోలు ఒత్తిడి పెంచే ఒక వాల్వు. అది పనిచేస్తుంది కానీ మొరటు పని. పాత పంపు మీద భారం పడుతుంది. మేము పెద్ద ఇంజెక్టర్లు వేసి, వాటిని నడపడానికి మెగాస్క్విర్ట్ అనే కంప్యూటర్ పెట్టాం. అది విడి భాగాలుగా వస్తుంది, మనమే టంకం వేసి అతకాలి. చలికాలం రాత్రుళ్ళు నేను వంటింటి బల్ల మీద అతికాను. నా భార్య ఆ నెలంతా టంకం పొగకు కిటికీ తెరవలేక, మూయలేక నానా అవస్థ పడింది.

కొత్త కంప్యూటర్ వల్ల నిప్పు రవ్వ ఎప్పుడు పడాలో కూడా మన చేతికి వస్తుంది. ఒత్తిడి ఒక పౌండు పెరిగితే రవ్వను ఒక డిగ్రీ ఆలస్యం చేయాలని షెడ్డుల్లో ఒక మోటు లెక్క ఉంది. మొదలుపెట్టడానికి చాలు. ఆ తరువాత కొలవాలి. అందుకే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ తప్పనిసరి. కారులో వచ్చే సెన్సర్‌కు గాలి, పెట్రోలు 14.7కు 1 దగ్గర ఉన్నాయా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది. ఒత్తిడిలో మనకు కావలసింది 12 లోపు. (ఈ 14.7కూ, ఇందాకటి గాలి ఒత్తిడి 14.7కూ చుట్టరికం ఏమీ లేదు, పరీక్షలో కలపకండి.)

ఇక క్లచ్చు, డిఫరెన్షియల్. 1600 సీసీ కార్ల డిఫరెన్షియల్ చిన్నది. 1994లో 1800 సీసీ ఇంజనుతోపాటు మాజ్దావారే పెద్దది వేశారు. శక్తి పెంచితే చిన్నది ఎప్పుడో ఒకప్పుడు పళ్ళు రాల్చుకుంటుంది. కానీ అది విరిగితే కారు ఆగుతుంది, ఇంజను పోదు. అందుకని దాన్ని జాబితాలో కిందికి దింపాం. రేడియేటర్, ఇంటర్‌కూలర్ పైకి ఎక్కాయి. ఏది చెడితే దేన్ని తనతో తీసుకుపోతుంది అన్న ప్రశ్న వేసి వరస కట్టాం, ధర చూసి కాదు.

కూడితే కిట్టు కాక 2,600 డాలర్లు తేలింది. కిట్టుతో 5,600. చేతిలో 5,000. మిత్రుడు వారం రోజులు ముఖం ముడుచుకుని తిరిగారు. చివరకు కిట్టు మరుసటి ఏటికి వాయిదా వేశారు. ఆ వేసవి బాగుచేసిన హెడ్డు, కొత్త రేడియేటర్, కొత్త కంప్యూటర్‌తో సూపర్‌ఛార్జర్ లేకుండానే నడిపారు. ఆ ఆరు నెలల్లో మాకు ఆ ఇంజను అంకెలన్నీ కంఠతా వచ్చాయి. 2009 వసంతంలో కిట్టు, ఇంటర్‌కూలర్ బిగించాం. డైనో మీద చక్రాల దగ్గర 96 ఉన్నది 121 అయింది. ఆయన 130 ఆశించారు. ఒత్తిడి పెంచుదామా అన్నారు, నేను వద్దన్నాను. ఆ ఇంజను ఆయన అమ్మేసే దాకా మళ్ళీ విప్పలేదు.

మన దేశంలో రోడ్డు మీద తిరిగే కారుకు ఈ పని చేయకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. అబ్బాయిలూ, అమ్మాయిలూ, బైకులకైనా ఇదే వర్తిస్తుంది.

కాలేజీ పిల్లల పోటీలు వేరు, వాటికి ట్రాకు ఉంటుంది. ఫార్ములా భారత్ పోటీలు జరుగుతూ వచ్చిన కారి మోటర్ స్పీడ్‌వే మా కోయంబత్తూరు పక్కనే. 1980లలో మారుతి ఇంజనుతో ఒంటి సీటు రేసు కార్లు కట్టించిన కరివర్ధన్ పేరు మీద ఆ ట్రాకు వెలిసింది. ఈ రకం పోటీల్లో పెట్రోలు ఇంజను పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల కన్నం గుండానే పోవాలని నియమం. ఆ కన్నంలో గాలి ధ్వని వేగం అందుకున్నాక, వెనకనుంచి ఎంత లాగినా సెకనుకు సుమారు 70 గ్రాములకు మించి రాదు. అంటే సూపర్‌ఛార్జర్ పెట్టినా గరిష్ఠ శక్తి పెద్దగా పెరగదు. తక్కువ చుట్ల దగ్గర మాత్రం లాగుడు పెరుగుతుంది. అందుకు బరువు, వేడి, బెల్టు బాధ భరించవచ్చునా అని లెక్క వేయాలి.

కాబట్టి ఆ తండ్రిగారికి నా జవాబు ఇది. మీవాణ్ణి మూడు కాగితాలు అడగండి. ఇప్పటి ఇంజను కంప్రెషన్ అంకెలు ఒకదానిమీద, ఆ కన్నం లెక్క ఒకదానిమీద, ఏది ముందు ఏది తరువాత కొంటారన్న వరస ఒకదానిమీద. మూడూ చూపిస్తే డబ్బు ఇవ్వండి. జాబితాలో మొదటి పేరు సూపర్‌ఛార్జర్ అయితే, ముందు గేజీకి సరిపడా ఇచ్చి మిగిలింది మీ దగ్గరే ఉంచండి.

కరెంటు కార్లు వస్తున్నాయి కదా, ఈ ఇంజను విద్య ఎందుకు అని కూడా కొందరు తల్లులు అడిగారు. సెన్సర్ పెట్టి కొలవడం, వేడి ఎటు పోతుందో చూడడం, కంప్యూటర్‌లో అంకెలు సర్దడం, మా పరీక్షశాలలో చివరి ఏళ్ళలో బ్యాటరీల మీద కూడా మేము చేసింది ఇదే పని. ఆ ఉద్యోగాలకు నేను ఇంటర్వ్యూ చేసినప్పుడు మార్కుల జాబితా తరువాత అడిగేది, నువ్వు చేత్తో ఏం కొలిచావు అని.

నా సంచిలో ఒక కంప్రెషన్ గేజీ ఉంది. కోశాధికారిగారు తమ పాత మారుతి 800 ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అది మూడు సిలిండర్ల బండి, అరగంట చాలు. టీ తాగాక వెనక ఆవరణలోకి రండి. పట్టు పావడాలు, తెల్ల చొక్కాలు వేసుకున్నవాళ్ళు కొంచెం దూరంగా నిలబడండి. అంకెలు రాయడానికి ఒకరు పుస్తకం, పెన్ను తెచ్చుకోవాలి.