అచ్చుపుస్తకంలో లేని పుటలు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్లుగా తెలుగు అక్షరాలు దిద్దించిన బడి పండుగనాడు ఒక ప్రశ్న సహజంగానే ముందుకు వస్తుంది. చుట్టూ మరొక భాష వ్యవహారంలో ఉన్నది. ఇంట్లో మాట్లాడుకోవడానికి సరిపడే తెలుగు బిడ్డలకు ఎలాగూ వస్తున్నది. అటువంటప్పుడు అక్షరాలు కూడా నేర్పడం ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం ఉపదేశాలలో కంటె ఇద్దరి జీవితాలలో స్పష్టంగా దొరుకుతుంది. ఇద్దరికీ మైసూరు సీమతో సంబంధం ఉన్నది. ఒకరు అక్కడ పుట్టినవారు, మరొకరు అక్కడ తెలుగు బోధించినవారు. ఒకరు మరుగుపడిన కావ్యాన్ని వెలికి తెచ్చారు, మరొకరు మూగబోయిన పాటకు మళ్లీ గొంతునిచ్చారు.

మొదటివారు బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1878లో నంజనగూడులో, దేవదాసీ కుటుంబంలో జన్మించారు. సంగీత నాట్యాలతో పాటు సంస్కృతం, కన్నడం, తెలుగు శ్రద్ధగా చదువుకున్నారు. తరువాత మద్రాసులో స్థిరపడి గాయనిగా కీర్తి, ధనం రెండూ ఆర్జించారు. ఆ వృత్తిలో ఉన్నవారికి పాటల సాహిత్యం కంఠస్థమైతే చాలునని అనుకునేవారు ఏ కాలంలోనైనా ఉంటారు. నాగరత్నమ్మగారికి అది చాలలేదు. ఆమెకు గ్రంథపఠనం నిత్యకృత్యం.

ఒకనాడు తంజావూరు ఆంధ్రరాజుల చరిత్రకు సంబంధించిన గ్రంథం చదువుతుండగా ముద్దుపళని అనే కవయిత్రి ప్రశంస ఆమె కంటబడింది. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో, ప్రతాపసింహ మహారాజు కాలంలో తంజావూరు ఆస్థానాన్ని అలంకరించిన విదుషి. ఆమె రచించిన కావ్యం రాధికాసాంత్వనము. ప్రశంస చదివి ఊరుకోక నాగరత్నమ్మగారు ఆ కావ్యం కోసం వెదికారు. పైడిపాటి వెంకటనరసుగారు 1887లో ప్రకటించిన పాఠం అప్పటికే అచ్చులో ఉన్నది. శ్రమపడి ఆ అచ్చుప్రతి సంపాదించారు. చాలామంది అన్వేషణ అక్కడితో ముగిసి ఉండేది. ఆమెకు ఒక మిత్రుని ద్వారా వ్రాతప్రతి కూడా లభించింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని పద్యం వెంట పద్యం సరిచూశారు.

అప్పుడు తెలిసిన సంగతి ఆశ్చర్యకరమైనది. అచ్చుప్రతిలో కొన్ని పద్యాలు లేకపోవడం ఒక లోపం. అంతకంటె పెద్ద లోపం, కవయిత్రి తనను గురించి, తన వంశాన్ని గురించి, తన విద్వత్తును గురించి చెప్పుకొన్న పీఠికాభాగమే అందులో లేకపోవడం. కావ్యం మిగిలింది గాని, కావ్యం రాసిన స్త్రీ తెరమరుగైంది. నాగరత్నమ్మగారు ఆ భాగాలన్నీ చేర్చి, 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్రమైన ప్రతిని ప్రకటించారు.

ఇది శృంగారప్రధానమైన కావ్యం, బాలలకు పాఠ్యగ్రంథం కాదు. ఆ కారణం చేతనే దానిపై దుమారం చెలరేగింది. సంఘ సంస్కరణకు జీవితం ధారపోసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు సైతం స్త్రీ నోట అటువంటి రచన రావడాన్ని నిరసించారు. పురుషులు రాసిన శృంగార ప్రబంధాలను పండితులు ఆదరిస్తుండగా సిగ్గు స్త్రీలకు మాత్రమే విధింపబడినదా అని నాగరత్నమ్మగారు సూటిగా అడిగారు. కొద్ది కాలానికే ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం తొలగింది టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గ కాలంలో, అనగా 1946-47లో. వావిళ్లవారు 1952లో పునర్ముద్రించారు. ఆ సంవత్సరమే నాగరత్నమ్మగారు కన్నుమూశారు. కావ్యం మంచిదా కాదా అనే విషయంలో పెద్దలకు భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కాని అభిప్రాయం ఏర్పరచుకోవలసింది పూర్తి గ్రంథం చూసి. ఆ అవకాశాన్ని పాఠకులకు ఇచ్చినది ఆమె.

ఆమె సంపాదనలో అధికభాగం మరొక అన్వేషణకు వినియోగమైనది. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి సమాధి, తిరువయ్యారులో కావేరి గట్టున, ఆదరణ లేక శిథిలమవుతున్నదని మైసూరు విద్వాంసులు బిడారం కృష్ణప్పగారి ఉత్తరం ద్వారా ఆమెకు తెలిసింది. అది 1921. ఆ కృతులు పాడి తాము గౌరవం పొందుతుండగా వాటి కర్త చోటు అలా ఉండడం ఆమె సహించలేకపోయారు. స్థలం సంపాదించి, స్వార్జితంతో ఆలయం కట్టించారు. కుంభాభిషేకం జరిగింది. ఆరాధనలో స్త్రీలు పాడే వీలులేని రోజులవి. తాను కట్టించిన గుడిలోనే పాడే హక్కు లేదన్నప్పుడు, 1927లో స్త్రీల ఆరాధనను వేరుగా ప్రారంభించారు. తరువాతి కాలంలో వేర్వేరు ఆరాధనలు ఒక్కటైనాయి. నేడు అక్కడ స్త్రీపురుషులు కలిసి కూర్చుని పంచరత్న కృతులు పాడుతున్నారు.

రెండవవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో అనంతపురం జిల్లాలో జన్మించి, 1912 నుంచి 1949 వరకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించారు. కన్నడ దేశం నడిబొడ్డున, దాదాపు నాలుగు దశాబ్దాలు! వేమనను గురించి ప్రామాణికమైన ఉపన్యాసాలు చేసినవారు, ప్రాకృత గాథలను తెలుగు పద్యాలలోకి తెచ్చినవారు. తరగతి గదిలో పండితులైన ఆయన సంగీతం వద్ద విద్యార్థిగా కూర్చున్నారు. ఆయన గురువు, పైన చెప్పిన బిడారం కృష్ణప్పగారే.

ఆ రెండు విద్యలూ కలిసి అక్కరకు వచ్చింది అన్నమాచార్యుల విషయంలో. తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) పాడిన సంకీర్తనలు వేల రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయంలోని ఒక రాతి అరలో భద్రమై ఉండేవి. వాటి ఉనికి బొత్తిగా తెలియనిది కాదు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన ఎ.డి. క్యాంబెల్ దొర, తిరుపతిలో రాగిరేకులపై ప్రాచీన వ్యాకరణం ఒకటి ఉన్నదని విని పరీక్ష చేయించారు. అవి దైవస్తుతులే తప్ప వ్యాకరణం కాదని తేలింది. ఆయన వెదకినది వ్యాకరణం కనుక, పాటలతో ఆయనకు పని లేకపోయింది. ఆ తరువాత నూరేళ్లకు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషితో రేకులు వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాటి పరిష్కరణకు పూనుకున్నారు. 1950లో ప్రభాకరశాస్త్రిగారు కాలధర్మం చెందిన తరువాత ఆ బాధ్యత శర్మగారిపై పడింది.

రేకులపై ప్రతి పాటకూ రాగం పేరు ఉన్నది. స్వరం లేదు. ఆ రాగాలలో కొన్ని వాడుక తప్పినవి. పాడేవారి పరంపర తెగిపోయింది కనుక అడిగి తెలుసుకునేందుకు మనిషి లేడు. మాట తెలియని గాయకుడు ఆ పాటకు ఏదో ఒక వరుస తగిలించగలడు. సంగీతం రాని పండితుడు అర్థం చెప్పి ఊరుకోగలడు. శర్మగారు పదం ఎక్కడ విరుగుతున్నదో, భావం ఎక్కడ బరువు పుంజుకొంటున్నదో చదివి, దానికి ఒదిగేలా వరుసలు కూర్చి స్వరపరచి ప్రకటించారు. నేడు ఇళ్లలో వినవచ్చే అన్నమయ్య పాటల వెనుక శర్మగారి వంటి పెద్దల శ్రమ ఉన్నది. అవి అయిదు వందల ఏళ్ల నాటి బాణీలేనని అనుకొనేవారు కూడా ఉన్నారు. మాట అన్నమయ్యది, ఆనాటి బాణీ మాత్రం తిరిగి రాలేదు.

ఈ రెండు చరిత్రలలోనూ గమనింపదగినది ఒక్కటే. ఎక్కడో దాగిన నిధి వారికి అదృష్టవశాత్తు తగలలేదు. ప్రశంస అందరికీ కనిపించే పుస్తకంలోనే ఉన్నది, రేకుల సంగతి పెద్దలకు తెలిసినదే. ఎదుట ఉన్నదాన్ని స్వయంగా, చివరివరకు, ఓపికతో చదివినందువల్లనే అవి బయటపడ్డాయి. అలా చదవడానికి మొదటి సాధనం అక్షరజ్ఞానం. వ్రాతప్రతి చేతికి వచ్చిననాడు నాగరత్నమ్మగారికి తెలుగు చదవడం రాకపోతే, ముద్దుపళని తనను గురించి చెప్పుకొన్న మాటలు మరెంత కాలం మరుగున ఉండేవో!

రాష్ట్రం వెలుపలి తెలుగు ఇళ్లలోనూ ఇటువంటి ప్రతులు లేకపోలేదు. పెట్టె అడుగున తాతగారి భూమి పత్రం, అవ్వ మంగళహారతులు రాసుకొన్న నోటుపుస్తకం, ముత్తాత కాశీ నుంచి రాసిన కార్డు ఉండవచ్చు. తెలుగు మాట్లాడగలిగి చదవలేని మనుమనికి అవి పాత కాగితాలు. వాటిని ఏనాడో ఒకనాడు చిత్తుకాగితాల వర్తకుడు తూకానికి తీసుకొనిపోతాడు. చదవగలిగిన మనుమరాలికి అందులో తన పూర్వులు ఏ ఊరి నుంచి, ఏ కారణాన ఈ నేలకు వచ్చారో దొరకవచ్చు.

కనుక ఈ పండుగ సందర్భంగా విద్యార్థులకు చిన్న పని అప్పగించడం ఉచితంగా ఉంటుంది. ఈ సెలవులలో ప్రతి విద్యార్థీ ఇంట్లో పెద్దల వద్ద కూర్చుని ఒక పాటో, పెళ్లిమాటో, వంట వివరమో అడిగి తెలుసుకోవాలి. నేడు ప్రతి ఇంట ఫోను ఉన్నది, అవ్వ గొంతును అది భద్రపరుస్తుంది. అంతటితో సరిపెట్టక, విన్నది తెలుగు లిపిలో రాయాలి, అర్థం కాని మాటకు అర్థం అడిగి పక్కన చేర్చాలి. రాగిరేకు మాటను నిలిపి బాణీని పోగొట్టుకొన్నది. ఫోను బాణీని నిలుపుతుంది గాని, మాటకు అర్థం చెప్పేవారు వెళ్లిపోతే అదీ అసంపూర్ణమే. చెప్పినవారి పేరు పైన రాయడం మరువరాదు. ముద్దుపళని పీఠికకు పట్టిన గతి అవ్వకు పట్టకూడదు.

తల్లిదండ్రులు చేయవలసింది, అడిగినప్పుడు విసుగుకొనక పెట్టె తీసి చూపడం. ఉపాధ్యాయులు చేయవలసింది, ఆ కాగితాలను తరగతిలో చదివించడం. పూర్వవిద్యార్థులు తమ ఇళ్లలోని పాత ప్రతులను బడి గ్రంథాలయానికి ఇవ్వగలిగితే, వాటికి ఒక బీరువాలో చోటు కల్పించడం పెద్ద ఖర్చు కాదు. నూరేళ్ల పండుగనాటికి ఆ బీరువా నిండి ఉండాలని, దాన్ని తెరచి చదవగలిగిన బిడ్డలు ఈ బడిలో ఉండాలని ఆకాంక్ష.

శుభం.