ఉడుత బొమ్మ కార్డు



మన భానూరు, పాశమైలారం, పటాన్‌చెరు పరిసరములలో కర్మాగారములు అనేకము. నెలాఖరు వచ్చినదన్న ఎక్కడనో ఒక పదవీ విరమణ సభ. శాలువ, పూలదండ, అందరి సంతకములతో ఒక గ్రీటింగు కార్డు.

అట్టి కార్డునొకదానిని ఒక సోదరుడు మా వద్దకు తెచ్చినాడు. దానిపై ఉడుత బొమ్మ. “స్వామీ, ముప్పదియేండ్లు యంత్రము వద్ద నిలిచితిని. తుదకు నన్ను ఉడుతను చేసినారు” అని కంట తడి పెట్టినాడు.

అతని బాధ అకారణము కాదు. ‘ఉడతాభక్తి’ యని మన సేవను మనము చెప్పుకొన్న వినయము. పరుల సేవను అనిన చులకన. కాని ఆ కథను స్మరింపుడు. వాల్మీకమున లేకున్నను రంగనాథ రామాయణము మూలమున మనకు పరిచితమైన కథ అది. ఉడుత తడిసిన మేనితో ఇసుకలో పొరలి, ఆ ఇసుకను సేతువుపై విదిల్చినది. కొండలు మోసిన వానరులెందరో యుండగా శ్రీరాముని వ్రేళ్ల గుర్తులు నిలిచినది దాని వీపుననే!

ప్రకృతిలోనూ ఉడుత మనకు గురువు. దాని ముందరి పండ్లు బ్రతికినంత కాలము పెరుగుచునే యుండును. కొరుకుట మానిన అవియే దానికి ముప్పు. ఉద్యోగము ముగిసినను సత్కర్మ మానరాదని దీని భావము. దాని వెనుక పాదములు వెనుకకు తిరుగును. కనుకనే తల క్రిందుగా, నేలను చూచుచు, జారక చెట్టు దిగును. ఎక్కుట అందరును నేర్తురు. దిగుట నేర్చినవాడు ధన్యుడు.

“నాయనా, నీవు దిగుచున్నావు, పడిపోవుట లేదు” అని మేము ఆ సోదరునితో అన్నాము.

కార్డు ఇచ్చువారికిని ఒక మాట. ఆ కార్డు లోపల అచ్చువేసిన ఆంగ్ల వాక్యమొకటి, క్రింద సంతకములు, అంతియే. “నాకు పని నేర్పినది నీవే” అని ఒక్కరైన తెలుగున వ్రాసియుండిన, ఆ బొమ్మ అతనికి శూలమై తోచెడిది కాదు. ఇసుక రేణువంత మాటయైనను మనసు నుండి రావలెను.

ఆ సోదరుడిప్పుడు ప్రతి ఉదయము ఆలయపు చెట్లకు నీరు పోయుచున్నాడు. వాటిపై ఉడుతలు ఎక్కుచున్నవి, దిగుచున్నవి.

స్వస్తి.