ఇంట వెనిల్లా మిల్క్‌షేక్
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పిల్లల ఆహారమును గూర్చి మాటలాడుమని నన్ను కోరినప్పుడు, రాగిజావను గూర్చి నాలుగు మాటలు సిద్ధపరచుకొని వచ్చితిని. కాని సభకు ముందు కొందరు తల్లులు అడిగినది వేరు: "అంగడిలోని మిల్క్‌షేక్ వలె ఇంట చేసినది చిక్కగా రాదేమి?" దానికే సమాధానము చెప్పెదను.

మనము గ్లాసెడు పాలలో చెంచాడు ఐస్‌క్రీము వేసి, మంచుముక్కలు చేర్చి, మిక్సీని చాలసేపు త్రిప్పుదుము. అది నీళ్ల పాలగును. ఇందు ఐస్‌క్రీమే ప్రధానము. పాలు దానిని జారునట్లు చేయుటకు మాత్రమే. ఇద్దరికి 300 గ్రాముల ఐస్‌క్రీమునకు 120 మిల్లీలీటర్ల పాలు చాలును. పాలు కాచి, చల్లార్చి, రిఫ్రిజిరేటరులో నుంచినవి కావలెను. గ్లాసులను గూడ చల్లబరచుడు. ఐస్‌క్రీమును అయిదు నిమిషములు బయట నుంచి, పాలతోను, పావు చెంచా వెనిల్లా ఎసెన్సుతోను, చిటికెడు ఉప్పుతోను కలిపి, 20 లేక 30 సెకండ్లు మాత్రమే త్రిప్పుడు. ఐస్‌క్రీములోని సన్నని మంచు రవలు, గాలి బుడగలు, కొవ్వు కలిసియే చిక్కదనము నిచ్చును. ఎక్కువసేపు త్రిప్పినచో వేడి పుట్టి రవలు కరగిపోవును. మిక్సీ లేనివారు లోతైన గిన్నెలో కవ్వముతో చిలుకవచ్చును.

డబ్బాపై 'ఫ్రోజెన్ డెజర్ట్' అని యున్నదేమో చూడుడు. అందు పాలకొవ్వునకు బదులుగా గాని, దానితోపాటుగా గాని నూనెల కొవ్వు వాడుదురు. చక్కెర వేరుగా వేయనక్కరలేదు. ఐస్‌క్రీములోనే కావలసినంత, నిజమునకు కావలసినదానికంటె ఎక్కువ, కలదు. కావున ఇది పుట్టినరోజునకో, పరీక్షలు ముగిసిన నాటికో గాని నిత్యము ఇయ్యదగినది కాదు.

సీసాలో దొరకు చవుక ఎసెన్సు చాలవరకు కృత్రిమము. అసలు వెనిల్లా మెక్సికో ప్రాంతపు తీగకు కాయు కాయ. దాని పువ్వును పుల్లతోను, బొటనవ్రేలితోను సులువుగా సంపర్కింపజేయు పద్ధతిని 1841లో రీయూనియన్ ద్వీపమున ఎడ్మండ్ ఆల్బియస్ అను బానిస బాలుడు కనుగొనెను. వాని వయస్సు పండ్రెండేండ్లు; మన ఏడవ తరగతి పిల్లవాని యీడు. ద్వీపమున తోటలవారు ధనవంతులైరి. అతడు 1880లో పేదవాడుగనే మరణించెను. నేటికిని ఆ పువ్వులను చేతితోనే ఒక్కొక్కటిగా సంపర్కింపజేయుదురు గనుకనే అసలు కాయ అంత ప్రియము.

ఈ కథను మిక్సీ యొద్ద నిలిచిన పిల్లలకు తెలుగున చెప్పుడు. పని వారికే అప్పగింపుడు. చిలుకుట, మీగడ, నురుగు, చిటికెడు అను మాటలు మేము బడిలో నల్లబల్లపై వ్రాయగలము గాని, వాని రుచి చూపలేము. త్రాగిన వెంటనే గిన్నెను గూడ వారిచేతనే కడిగింపుడు. ఆరినచో పాల జిడ్డు తేలికగా వదలదు.