చివరి గడప: ఉపకులపతుల ఎంపికలో స్త్రీలు

విశ్వవిద్యాలయ నాయకత్వానికి స్త్రీలు చేరలేకపోవడానికి చెప్పే కారణాలు చాలావరకు తెలిసినవే. ఇంటిచాకిరీ, పిల్లల పెంపకం, భర్త బదిలీలు, డీన్, రిజిస్ట్రార్ పదవులు దక్కకపోవడం గురించి ఇప్పటికే ఎంతో రాశారు. ఈ స్మారకోపన్యాసం ఏ అధ్యాపకురాలి పేరున ఏర్పడిందో ఆమె శాఖాధ్యక్షురాలిగానే పదవీ విరమణ చేశారు. ఆమె దగ్గర చదువుకున్న పురుషులు పాలకమండళ్లలో కూర్చున్నారు. ఇక్కడి చర్చ ఒక్క అంశానికే పరిమితం: ఉపకులపతి పదవికి పేర్ల జాబితా సిద్ధం చేసే సెర్చ్ కమిటీ.

ప్రొఫెసర్లలో స్త్రీలు పెరిగితే ఉపకులపతుల్లోనూ వాళ్లంతట వాళ్లే పెరుగుతారని, అందాకా ఓపిక పట్టాలని ఒక వాదం పాతుకుపోయింది. చరిత్ర దానికి సాక్ష్యం చెప్పదు. హంసా మెహతా 1949లోనే బరోడా విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. జామియా మిలియాకు 2019 దాకా, జేఎన్‌యూకు 2022 దాకా, 1920లో విశ్వవిద్యాలయమైన అలీగఢ్‌కు 2024 దాకా మహిళా ఉపకులపతి లేరు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 100 మంది పురుష అధ్యాపకులకు 77 మంది స్త్రీలున్నారు. పై హోదాల్లో వాళ్లు తగ్గుతారన్నది నిజమే అయినా, జాబితాలో చేర్చడానికి ఒక్క పేరూ దొరకనంత కొరత ఎన్నడూ లేదు.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అధ్యాపక నియామకాల్లో మహిళలు అభ్యర్థులుగా ఉండి, ఎంపిక సంఘంలో మహిళ లేకపోతే, ఆ వర్గం నుంచి ఒక విద్యావేత్తను చేర్చాలి. ఉపకులపతి ఎంపికకు వచ్చేసరికి ఆ షరతు కనిపించదు. సెర్చ్ కమిటీ సభ్యులు ఉన్నత విద్యారంగ ప్రముఖులై, ఆ విశ్వవిద్యాలయంతో సంబంధం లేనివారైతే చాలు. ఆ కమిటీ ప్రకటన ద్వారానే కాక నామినేషన్ ద్వారా కూడా మూడు నుంచి ఐదు పేర్లు సిద్ధం చేయవచ్చు. నామినేషన్‌లో సభ్యుల పరిచయాలే దారి చూపుతాయి.

సెర్చ్ కమిటీలోనూ మహిళ ఉండాలన్న వాదనకు ఎదురుగా చూపే అధ్యయనం బాగెస్, సైలోస్-లబిని, జినోవియేవాలు 2017లో ప్రచురించినది. ఇటలీ, స్పెయిన్‌లలో ఎంపిక సంఘాల్లో మహిళలు పెరిగినా మహిళా అభ్యర్థుల అవకాశాలు మెరుగుపడలేదని అది తేల్చింది. అయితే ఆ సంఘాలు దరఖాస్తు చేసుకున్నవారిని తూచాయి. సెర్చ్ కమిటీ ఎవరిని తూచాలో కూడా తానే నిర్ణయిస్తుంది. కాబట్టి ఆ ఫలితం ఇక్కడికి యథాతథంగా వర్తించదు. సభ్యత్వం ఒక్కటే సరిపోదన్నంత మేరకు మాత్రం దాన్ని అంగీకరించాలి.

మిగిలిన లోటు ఏమిటో స్వీడన్ అనుభవం చెబుతుంది. అక్కడి వైద్య పరిశోధన మండలి ఫెలోషిప్పులను పరిశీలించిన వెనెరాస్, వోల్డ్ 1997లో నేచర్ పత్రికలో తమ ఫలితాలు ప్రకటించారు. పురుషులతో సమానమైన యోగ్యతాంకం పొందాలంటే స్త్రీలకు సుమారు 2.5 రెట్లు పరిశోధన ఫలితాలు అవసరమయ్యాయి. సమీక్షకులతో అనుబంధం ఉన్నవారికి అదనపు మేలు జరిగింది. మార్కుల పత్రాలు చట్టబద్ధంగా చేతికి అందబట్టే ఈ సంగతి బయటపడింది.

తెలుగు రాష్ట్రాల్లో అటువంటి పరిశీలనకు పునాదిగా, సెర్చ్ కమిటీలను నియమించిన ప్రభుత్వ ఉత్తర్వులను ఏరి, సభ్యుల జాబితాను సంవత్సరాలవారీగా కూర్చే పనిని ఈ ఉపన్యాసకర్త చేపట్టారు. ఉత్తర్వుల్లో సభ్యులెవరో తెలుస్తుంది. పరిశీలనకు వచ్చిన పేర్లేవో, ఏ దశలో ఎందుకు పక్కకు పోయాయో తెలియదు. కాబట్టి ప్రతి కమిటీలో కనీసం ఒక మహిళ ఉండాలి. పరిశీలించిన పేర్లు, తిరస్కరణకు కారణాలు లిఖితపూర్వకంగా నమోదు కావాలి. నియామకం ముగిశాక ఆ నమోదు పరిశోధకులకు అందాలి. ఈ మూడూ యూజీసీ నిబంధనల్లో చేరాలి.