ఇరుకు ద్వారం, విశాల ప్రాంగణం



పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ సమీపాన, హిజ్లీ అనే చోట ఒక పాత కట్టడం ఉన్నది. ఆంగ్ల ప్రభుత్వం స్వాతంత్ర్య యోధులను నిర్బంధించి ఉంచిన శిబిరం అది. 1931 సెప్టెంబరు 16న అక్కడి కావలి సిబ్బంది నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు యువకులు నేలకొరిగారు. ఇరవై ఏండ్లు తిరిగేసరికి, 1951లో, ఆ శిబిరం ఉన్న చోటనే 224 మంది విద్యార్థులతో, 42 మంది అధ్యాపకులతో దేశంలోని మొదటి భారత సాంకేతిక విజ్ఞాన సంస్థ తరగతులు మొదలైనాయి. ఒకప్పుడు యువకులను బలవంతంగా తెచ్చి బంధించిన తావుకు, యువకులు పోటీపడి రాసాగారు. నేడు ఐ.ఐ.టి. అన్న పేరుతో పల్లెపల్లెకూ పరిచితమైన విద్యాసంస్థల చరిత్ర అక్కడ ఆరంభమైంది.

దేశానికి స్వాతంత్ర్యం రాకమునుపే నళినీ రంజన్ సర్కార్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ ప్రాంతాలలో ఒక్కొక్కటి చొప్పున ఉన్నత సాంకేతిక విద్యాలయాలు నెలకొల్పాలని సూచించింది. ఆ ప్రకారం 1958లో బొంబాయిలోను, 1959లో మద్రాసు, కాన్పూర్ నగరాలలోను, 1961లో ఢిల్లీలోను ఇట్టి సంస్థలు వెలిశాయి. బొంబాయికి సోవియట్ రష్యా, మద్రాసుకు పశ్చిమ జర్మనీ, కాన్పూర్‌కు అమెరికా, ఢిల్లీకి బ్రిటన్ చేయూతనిచ్చాయి. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఒకరికొకరు ఎదురు నిలిచిన దేశాలు భారతీయ విద్యార్థి చదువు విషయంలో ఒకే పని చేయడం గమనింపదగినది. ఇప్పుడు ఈ సంస్థల సంఖ్య 23. తెలుగునాట 2008లో హైదరాబాదు సంస్థ, 2015లో తిరుపతి సంస్థ ప్రారంభమైనాయి.

సంస్థలు పెరిగినా ద్వారం మాత్రం ఇరుకుగానే ఉన్నది. 2024లో మొదటి అంచె పరీక్షకు 14 లక్షలకు పైగా విద్యార్థులు కూర్చున్నారు. రెండవ అంచె పరీక్షను 1,80,200 మంది వ్రాశారు. 48,248 మంది అర్హత పొందారు. మొత్తం సీట్లు 17,740. అనగా మొదట బయలుదేరిన సుమారు ఎనభై మందిలో ఒక్కరికి చోటు దొరికిందన్నమాట. పైగా రెండవ అంచె పరీక్షను వరుసగా రెండేండ్లలో రెండు మారులు మాత్రమే వ్రాయవచ్చును.

ద్వారం ఇరుకుగా ఉండడం దానంతట అది దోషం కాదు. ప్రయోగశాలలు, ఆచార్యులు, వసతిగృహాలు పరిమితమైనప్పుడు ఎంపిక తప్పదు. అయితే ఆ ద్వారం వద్ద పరీక్షింపబడుతున్నది తెలివితేటలేనా, లేక తండ్రి సంపాదనా, పుట్టిన ఊరా, పలికే భాషా అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు దేశం క్రమక్రమంగా సమాధానం చెప్పుకుంటూ వచ్చింది. 1973లో షెడ్యూల్డు కులాలకు, తెగలకు సీట్లు కేటాయింపబడ్డాయి. 2008 నుండి ఇతర వెనుకబడిన తరగతులకు, 2019 నుండి ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు కేటాయింపులు వచ్చాయి. బాలికల సంఖ్య మరీ తక్కువగా ఉండడాన్ని గుర్తించి, 2018 నుండి వారికై అదనపు సీట్లు కల్పించారు.

భాష సంగతి కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది. 2021 నుండి మొదటి అంచె పరీక్షను తెలుగుతో సహా 13 భాషలలో వ్రాసే వీలు కలిగింది. రెండవ అంచె పరీక్ష మాత్రం ఇంగ్లీషు, హిందీ భాషలలోనే జరుగుతున్నది. తెలుగులో చదువుకున్న విద్యార్థి మొదటి గడప తన భాషలో దాటి, రెండవ గడప వద్ద భాష మార్చుకోవలసి వస్తున్నది. హిందీ, తెలుగు భాషల శాస్త్రపదాలు రెండూ సంస్కృతం నుండి వచ్చినవే కదా, మార్పు కష్టమా అని అనిపించవచ్చు. ఒక్క ఉదాహరణ చూడండి. తెలుగు పాఠ్యపుస్తకంలో ‘శక్తి’ అంటే పని చేయగల స్తోమత. హిందీ పుస్తకం దానినే ‘ఊర్జా’ అంటుంది. హిందీలో ‘శక్తి’ అన్నది పని జరిగే రేటుకు పేరు. దానిని మన పుస్తకాలు ‘సామర్థ్యం’ అంటాయి. ఒకే మాట రెండు భాషలలో రెండు వేరు రాశులను తెలుపుతున్నది. భౌతికశాస్త్రం క్షుణ్ణంగా తెలిసిన విద్యార్థి సైతం ఈ ఒక్క మాట వద్ద పొరబడగలడు. కనుక పదకోశాలు, ద్విభాషా పాఠ్యగ్రంథాలు ప్రతి పాఠశాల గ్రంథాలయంలోను ఉండడం అలంకారం కాదు, అవసరం.

ఇక ఖర్చుల మాట. పట్టభద్ర స్థాయిలో బోధనా రుసుము 2013లో ఏడాదికి 50,000 రూపాయల నుండి 90,000కు, 2016లో 2 లక్షలకు పెరిగింది. హాస్టలు, భోజనం ఖర్చులు వేరు. కాని ఈ అంకెను చూసి బెదరి వెనుదిరగడం తొందరపాటు. షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు, దివ్యాంగులకు బోధనా రుసుము పూర్తిగా మినహాయింపబడింది. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష రూపాయలలోపు ఉన్నవారికి కూడా అంతే. లక్ష నుండి 5 లక్షల వరకు ఉన్నవారు మూడింట ఒక వంతు చెల్లిస్తే చాలును.

అయితే ఈ రాయితీలన్నీ లోపల అడుగు పెట్టిన తరువాతి సంగతి. గడప దాటేముందే ఒక కుటుంబానికి ఎదురైన కష్టం దేశమంతటికీ తెలిసివచ్చిన ఘట్టం 2024లో జరిగింది. ఉత్తరప్రదేశ్‌లోని ఒక పల్లెకు చెందిన దళిత యువకుడు తనకు మిగిలిన చివరి ప్రయత్నంలో పరీక్ష నెగ్గాడు. ఝార్ఖండ్‌లోని ధన్‌బాద్ సంస్థలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు సీటు వచ్చింది. సీటు నిలుపుకోవడానికి 17,500 రూపాయలు జూన్ 24వ తేదీ సాయంత్రం 5 గంటలలోగా చెల్లించాలి. తండ్రి దినకూలీ. గ్రామస్థుల వద్ద చేబదులు తెచ్చి డబ్బు సమకూర్చేసరికి గడువుకు నిమిషాలు మాత్రమే మిగిలాయి. చెల్లింపు పూర్తికాకమునుపే గడువు ముగిసింది, సీటు చేజారింది.

ఆ కుటుంబం అక్కడితో ఆగలేదు. ఝార్ఖండ్‌లోని న్యాయసేవల సంస్థను ఆశ్రయించింది. ఆ ఏడు పరీక్ష నిర్వహించినది మద్రాసు సంస్థ గనుక అక్కడి హైకోర్టు తలుపు తట్టింది. చివరకు ఢిల్లీ చేరి సుప్రీంకోర్టుకు విన్నవించుకున్నది. 2024 సెప్టెంబరు 30న అత్యున్నత న్యాయస్థానం, రాజ్యాంగం 142వ అధికరణం తనకిచ్చిన ప్రత్యేకాధికారాన్ని వినియోగించి, ఆ విద్యార్థిని అదే సంస్థలో, అదే శాఖలో చేర్చుకోవాలని ఆదేశించింది. మరొకరి సీటు పోకుండా అదనపు సీటు కల్పించుమన్నది. ఒక కూలీ బిడ్డ న్యాయం కోసం నాలుగు రాష్ట్రాల పేర్లు నేర్వవలసి వచ్చింది. న్యాయం దొరికినందుకు సంతోషించవలసిందే. న్యాయస్థానం దాకా పోలేక మౌనంగా కూలికి మరలినవారు ఎందరో అన్న ఆలోచన కూడా రావలసిందే.

గడప దాటినవారికి కనబడే లోకం మాత్రం విశాలమైనది. మద్రాసు సంస్థలోని వసతిగృహాలకు నదుల పేర్లు పెట్టారు. గోదావరి, కృష్ణా, కావేరి, నర్మద, గంగ, బ్రహ్మపుత్ర అన్నీ గిండీ అడవి నీడన ఇరుగుపొరుగులై ఉన్నాయి. కోనసీమ కుర్రవాడు బ్రహ్మపుత్రలో, అస్సాం కుర్రవాడు గోదావరిలో ఉండడం అక్కడ వింత కాదు. వసతిగృహాల నడుమ జింకలు తిరుగాడుతుంటాయి. ఖరగ్‌పూర్‌లో దీపావళినాడు ప్రతి వసతిగృహమూ ఎత్తైన వెదురు చట్రాలపై నూనెదీపాలను వరుసలుగా అమర్చి, బొమ్మలు కట్టి పోటీపడుతుంది. వారాల తరబడి రాత్రులు మేలుకొని పనిచేసే జట్టులో ఎవరి మాతృభాష ఏదో ఎవరికీ పట్టదు. అన్నం తినేవారు రొట్టెకు, రొట్టె తినేవారు సాంబారుకు అలవాటుపడతారు. సమైక్యత అన్న మాట ఉపన్యాసంలో వినకుండానే భోజనశాల వరుసలో వారికి పట్టుబడుతుంది.

ఈ జీవితంలో చీకటి లేదని కాదు. జిల్లాకు మొదటివాడుగా వచ్చినవాడు మొదటివారందరి నడుమ సామాన్యుడవుతాడు. తొలి ఏడాది ఇంగ్లీషు పాఠం చెవికెక్కక, అడగడానికి నోరు రాక కుంగిపోయేవారున్నారు. కులం పేరిట, ర్యాంకు పేరిట చిన్నచూపుకు గురయ్యేవారూ ఉన్నారు. ఉన్నత విద్యాసంస్థలలో విద్యార్థుల ఆత్మహత్యలను తీవ్రంగా పరిగణించి, 2025 మార్చిలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ కార్యదళాన్ని నియమించింది. కష్టం చెప్పుకోవడం చేతగానితనం కాదని ఇంటివద్దనే పిల్లలకు తెలిపి పంపడం పెద్దల విధి. పక్కగదివాడు రెండు రోజులుగా భోజనానికి రాలేదని గమనించడం తోటి విద్యార్థి విధి.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఈ పరీక్షలకు కూర్చుంటారు. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం ముందుగానే సిద్ధం చేసుకోండి. గడువు తేదీలు గోడమీద వ్రాసి పెట్టుకోండి. చెల్లింపును చివరి గంటకు విడువకండి. ఉపాధ్యాయులు, గ్రంథాలయాధికారులు రాయితీల వివరాలను ప్రకటన పలకపై అంటించడం ఎంతో మేలు. ప్రతి పాఠశాల పూర్వ విద్యార్థులు కలిసి చిన్న నిధి ఒకటి ఉంచితే, వేరొక కుటుంబం 17,500 రూపాయల కోసం సుప్రీంకోర్టుదాకా పోవలసిన పని ఉండదు. సీటు రానివారు మిక్కిలి ఎక్కువమంది. ఈ దేశంలో వంతెనలు కట్టినవారు, యంత్రాలు నడుపుతున్నవారు, పాఠాలు చెబుతున్నవారు చాలావరకు వారే. ఆ మాట కూడా మరువకండి.